ముప్పుకు ముందే పద్దు: గ్రామీణ జిల్లాల్లో భద్రతా ప్రణాళిక, నిధులు



ఈనాటి ప్రసంగ విషయం గ్రామాల భద్రత. భద్రత అనగానే మనకు పోలీసులు, కాపలా, తాళాలు గుర్తుకొస్తాయి. అవి అవసరమే. కానీ గ్రామీణ జిల్లాల్లో ఒక్క పూటలో వందల, వేల ప్రాణాలు తీసుకుపోయినవి తుపానులు, ఉప్పెనలు, వరదలు. వాటినుంచి ఊరిని కాపాడుకోవడానికి ప్రణాళిక ఎలా వేస్తారు? దానికి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? ప్రణాళిక ఉండి, డబ్బు ఉండి కూడా కొన్నిసార్లు పని ఎందుకు జరగదు? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు వెతుకుదాం. ఉదాహరణలు ఎక్కువగా మన తూర్పు తీరం నుంచే తీసుకుంటాను.

ఒకే తీరం, మూడు తుపానులు

1977 నవంబరు 19న కృష్ణా డెల్టాలోని దివిసీమను తుపాను తాకింది. గాలికంటే ఎక్కువ ప్రాణనష్టం చేసింది ఉప్పెన. సముద్రం గోడలా లేచి ఊళ్లమీదికి వచ్చింది. సొర్లగొంది వంటి తీర గ్రామాల్లో కుటుంబాలకు కుటుంబాలే తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయినవారు దాదాపు పదివేల మంది అని అధికారిక లెక్క. అంతకంటే చాలా ఎక్కువని చెప్పేవారూ ఉన్నారు.

పదమూడేళ్ల తర్వాత, 1990 మే 9న, అదే తీరానికి దగ్గరలో మరో తుపాను వచ్చింది. బలంలో అది 1977 నాటిదానితో పోల్చదగినదే. ఈసారి మృతుల సంఖ్య వెయ్యిలోపు ఉంది. వెయ్యి చిన్న సంఖ్య కాదు. కానీ పదివేలకూ వెయ్యికీ మధ్య ఉన్న తేడా ఎలా వచ్చిందో తెలుసుకోవడం మన బాధ్యత. సముద్రం శాంతించలేదు. మనుషులే మారారు. ఉపగ్రహ చిత్రాలు, తీరంలో రాడార్లు అందుబాటులోకి వచ్చాయి. తీర గ్రామాల్లో తుపాను షెల్టర్లు కట్టారు. లక్షన్నర మందికి పైగా ప్రజలను ముందుగానే ఇళ్లనుంచి కదిలించారు.

మూడో ఉదాహరణ 1996 నవంబరులో కోనసీమను దెబ్బతీసిన తుపాను. పరిమాణంలో అది చిన్నది. కానీ చాలా వేగంగా బలపడింది. వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. సముద్రంలో వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. అంటే 1990లో నేర్చుకున్న పాఠం ఆరేళ్ల తర్వాత సరిపోలేదు. ఊళ్లో ఉన్నవారిని కదిలించడం ఒక పని, నడిసముద్రంలో పడవమీద ఉన్నవారికి కబురు అందించడం మరో పని.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేలుతుంది. తుపాను ప్రకృతి పని. అది విపత్తుగా మారడమా, మారకపోవడమా అన్నది చాలావరకు మన ఏర్పాట్లనుబట్టి ఉంటుంది. ఆ ఏర్పాట్లు ఒకసారి చేసి మరిచిపోయేవి కావు.

చట్టం ఏమి చెబుతోంది?

1999 అక్టోబరు 29న ఒడిశాను మహా తుపాను తాకింది. దాదాపు పదివేల మంది చనిపోయారు. 2001లో గుజరాత్ భూకంపం, 2004 డిసెంబరు 26న సునామీ వచ్చాయి. ఈ వరుస దెబ్బల తర్వాత పార్లమెంటు 2005లో విపత్తు నిర్వహణ చట్టం చేసింది. అంతవరకు మన పద్ధతి ఏమిటి? ఆపద వచ్చాక కలెక్టరు వెళ్లి బియ్యం, బట్టలు, కొంత డబ్బు పంచడం. దాన్ని సహాయం అంటాం. కొత్త చట్టం సహాయానికి ముందు రెండు మాటలు చేర్చింది. ఒకటి ముప్పు తగ్గింపు. రెండోది సంసిద్ధత. గట్టు కట్టడం, మడ అడవులను కాపాడటం, గాలికి ఎగిరిపోని ఇల్లు కట్టుకోవడం ముప్పు తగ్గింపు. హెచ్చరిక అందే ఏర్పాటు, శిక్షణ, కసరత్తు సంసిద్ధత.

ఈ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకు ఒక విపత్తు నిర్వహణ సంస్థ ఉండాలి. దానికి కలెక్టరు అధ్యక్షులు. జిల్లాలో ఎన్నికైన సంస్థకు, అంటే మన దగ్గర జిల్లా పరిషత్తుకు, నాయకత్వం వహించేవారు సహ అధ్యక్షులు. అధికారి పక్కన ప్రజాప్రతినిధిని కూర్చోబెట్టడంలో ఒక ఆలోచన ఉంది. ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో, ఏ వీధిలో ముసలివాళ్లు ఒంటరిగా ఉంటారో ఊరివాళ్లకు తెలిసినట్టు జిల్లా కేంద్రంలోని కార్యాలయానికి తెలియదు. జిల్లాకు ఒక ప్రణాళిక ఉండాలనీ, అందులో బలహీన ప్రాంతాలను గుర్తించాలనీ, ఏ శాఖ ఏ పని చేయాలో రాయాలనీ, దాన్ని ఏటా సమీక్షించాలనీ కూడా చట్టం చెప్పింది.

ఇంతవరకు బాగానే ఉంది. అయితే ప్రణాళిక ఉన్నంత మాత్రాన భద్రత ఉన్నట్టు కాదు. ఒక ఊరిని ఊహించుకొని లెక్క వేసి చూద్దాం.

ఒక ఊరి లెక్క

సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో ఒక ఊరు ఉందనుకోండి. జనాభా 2,400. గట్టి స్లాబు ఇళ్లు, మెరక మీద ఉన్నవి, 900 మందికి సరిపోతాయి. మిగిలిన 1,500 మంది తాటాకు ఇళ్లలో, రేకుల ఇళ్లలో, పల్లపు వీధుల్లో ఉంటున్నారు. వీళ్లను తరలించాలి.

ఊళ్లో ఒక తుపాను షెల్టరు ఉంది. లోపలి స్థలం 600 చదరపు మీటర్లు. ఒక రాత్రి తలదాచుకోవడానికి మనిషికి ముప్పావు చదరపు మీటరు చొప్పున లెక్క వేస్తే 800 మంది పడతారు. బడిలో ఆరు గదులు ఉన్నాయి. ఒక్కొక్కటి 48 చదరపు మీటర్లు. అందులో 384 మంది పడతారు. మొత్తం 1,184 మంది. ఇంకా 316 మందికి చోటు లేదు.

వీళ్లను ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న కళాశాల భవనానికి పంపాలి. బస్సుకు 50 మంది చొప్పున ఏడు ట్రిప్పులు. రెండు బస్సులే దొరికాయనుకుంటే నాలుగు విడతలు. ఎక్కించడం, దించడం, తిరిగి రావడం కలిపి విడతకు గంటన్నర. మొత్తం ఆరు గంటలు. సాయంత్రం ఆరింటికి గాలి ముదురుతుందని తెలిస్తే, మధ్యాహ్నం పన్నెండింటికి మొదలుపెట్టినా గండమే. చెట్టు పడి దారి మూసుకుపోతే చివరి విడత ఆగిపోతుంది. కాబట్టి బస్సులు పొద్దున్నే ఊళ్లో ఉండాలి. అంటే వాటిని ముందురోజే అడిగి ఉండాలి.

వాతావరణ శాఖ తుపాను హెచ్చరికలను నాలుగు దశల్లో ఇస్తుంది. సుమారు 72 గంటల ముందు జిల్లా యంత్రాంగాన్ని అప్రమత్తం చేయడం మొదటి దశ. 48 గంటల ముందు ఒకటి, 24 గంటల ముందు ఒకటి వస్తాయి. చివరిది 12 గంటల ముందు. తీరం దాటిన తర్వాత లోపలి జిల్లాల్లో ఏమి జరగవచ్చో అది చెబుతుంది. మన లెక్కను ఈ దశలతో జోడించండి. 48 గంటల హెచ్చరికకే బస్సుల యజమానులతో మాట్లాడాలి. 24 గంటల హెచ్చరికకు మొదటి బస్సు కదలాలి. వృద్ధులు, గర్భిణులు, నడవలేనివారు మొదటి విడతలో వెళ్లాలి. వారి పేర్ల జాబితా ఆశా కార్యకర్త దగ్గర ముందే ఉండాలి.

ఇప్పుడు గమనించండి. ఈ లెక్కకు పెద్ద శాస్త్రపరిజ్ఞానం అవసరం లేదు. హైస్కూలు గణితం చాలు. కానీ లెక్క వేయని ఊళ్లో ఆ 316 మంది సంగతి తుపాను రాత్రే తెలుస్తుంది.

ప్రణాళిక నిజమైనదా కాదా అని తేల్చడానికి ప్రతి వాక్యాన్నీ ఐదు ప్రశ్నలు అడగండి. ఏ పని? ఎవరు చేస్తారు? ఎప్పటికి? ఎంత ఖర్చు? ఏ పద్దు కింద? మొదటి మూడింటికి జవాబు ఉండి చివరి రెండింటికి లేకపోతే అది కోరికే అవుతుంది, ప్రణాళిక కాదు.

డబ్బు ఎక్కడినుంచి?

విపత్తుల కోసం రాష్ట్రాలకు ఎంత ఇవ్వాలో ఆర్థిక సంఘం సిఫారసు చేస్తుంది. పదిహేనో ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు ఐదేళ్లకు అన్ని రాష్ట్రాలకూ కలిపి 1,60,153 కోట్ల రూపాయలతో రాష్ట్ర విపత్తు నిధులను సిఫారసు చేసింది. ఇందులో సాధారణ రాష్ట్రాలకు కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు కేంద్రం వాటా 90 శాతం.

ఈ మొత్తాన్ని వంద రూపాయలనుకుంటే పంపకం ఇలా ఉంది. తక్షణ స్పందనకు, సహాయానికి 40. పునరుద్ధరణకు, పునర్నిర్మాణానికి 30. సంసిద్ధతకు, శిక్షణకు 10. ముప్పు తగ్గింపుకు 20. అంటే ఆపద తర్వాత ఖర్చయ్యేది 70, ఆపదకు ముందు ఖర్చయ్యేది 30.

ఆ ముప్పై తక్కువనిపించవచ్చు. కానీ 2020-21కి ముందు ముప్పు తగ్గింపుకు ఈ నిధుల్లో ప్రత్యేక వాటాయే లేదు. 2005 చట్టం జాతీయ స్థాయిలో ముప్పు తగ్గింపు నిధి ఒకటి ఉండాలని చెప్పింది. అది ఏర్పడకపోవడంతో, కరువుపై దాఖలైన ఒక కేసులో 2016లో సుప్రీంకోర్టు మూడు నెలల్లో ఏర్పాటు చేయమని ఆదేశించింది. చివరికి ఆ నిధి ఏర్పడింది 2021లో. చట్టంలో రాసిన ఒక వాక్యం ఖజానాలో పద్దుగా మారడానికి పదిహేనేళ్లు పట్టింది. జిల్లా స్థాయిలో కూడా స్పందనకు ఒకటి, ముప్పు తగ్గింపుకు ఒకటి నిధులు ఉండాలని అదే చట్టం చెబుతోంది. చాలా రాష్ట్రాల్లో డబ్బు రాష్ట్ర నిధిగానే నడిచింది. జిల్లాకు సొంత నిధి ఏర్పడలేదు.

ఎందుకిలా జరుగుతుంది? ఆపద వచ్చాక ఇచ్చే సహాయం కళ్లకు కనిపిస్తుంది. కన్నీళ్లు కనిపిస్తాయి, పంచిన బియ్యం కనిపిస్తుంది. ముందు పెట్టిన ఖర్చు ఫలితం కనిపించదు. చనిపోకుండా మిగిలినవారి జాబితా ఏ పత్రికలోనూ అచ్చు కాదు. అందుకే ఏ ప్రభుత్వంలోనైనా ముందు ఖర్చు వాయిదా పడుతూ ఉంటుంది.

తాళంచెవి ఎవరిది?

ఇక అన్నిటికంటే చిన్న ఖర్చు గురించి చెబుతాను. నా దృష్టిలో ముఖ్యమైనది ఇదే.

1977 తర్వాత మన తీరంలో ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఎన్నో షెల్టర్లు కట్టాయి. ఉప్పుగాలికి కాంక్రీటులోని ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. రంగు వేయకుండా, పగుళ్లు పూడ్చకుండా వదిలేస్తే కాపాడవలసిన కప్పే ప్రమాదమవుతుంది. ఆ షెల్టర్లలో చాలా భవనాలు సరైన నిర్వహణ లేక కొంతకాలానికి పనికిరాకుండా పోయాయి. కట్టడానికి పథకం ఉంది. కట్టిన తర్వాత ఏటా సున్నం వేయడానికి పద్దు లేదు.

భవనం నిలబడి ఉన్నా మరికొన్ని ప్రశ్నలు ఉంటాయి. తలుపులకు గడియలు పడుతున్నాయా? నీళ్ల ట్యాంకు శుభ్రంగా ఉందా? జనరేటరుకు డీజిలు ఉందా? మెట్లు ఎక్కలేనివారికి వాలుదారి ఉందా? తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? ఆ మనిషి పొరుగూరు వెళ్తే?

స్త్రీలకు విడిగా మరుగుదొడ్లు ఉన్నాయా అన్న ప్రశ్న కూడా చిన్నది కాదు. బంగ్లాదేశ్ అనుభవం చూడండి. 1970 తుపానులో అక్కడ కనీసం మూడు లక్షల మంది చనిపోయారని అంచనా. తర్వాత 1972లో తుపాను సంసిద్ధతా కార్యక్రమం మొదలుపెట్టి ఊరూరా స్వచ్ఛంద కార్యకర్తలను తయారుచేశారు. అయినా 1991 తుపానులో లక్షకు పైగా ప్రాణాలు పోయాయి. వారిలో మగవారికంటే ఆడవారు చాలా ఎక్కువ. ఇంటిని, పిల్లలను వదిలి రాలేక, పరాయి మగవారితో నిండిన భవనంలో చాటు ఉండదని సంకోచించి చాలామంది ఇళ్లలోనే ఉండిపోయారు. ఇప్పుడు అక్కడి కార్యకర్తలు డెబ్బై వేలకు పైనే. వారిలో సుమారు సగం మంది స్త్రీలు. ఒక స్త్రీ తలుపు తట్టి పిలిస్తే మరో స్త్రీ కదులుతుంది.

ఈ చిన్న ఖర్చులకు డబ్బు ఎక్కడినుంచి? రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 విషయాలు ఉన్నాయి. వాటిలో విపత్తు నిర్వహణ అన్న మాట లేదు. కానీ ఇరవై తొమ్మిదో విషయం ఏమిటో తెలుసా? సామాజిక ఆస్తుల నిర్వహణ. షెల్టరు సామాజిక ఆస్తి కాకపోతే మరేమిటి? పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు సిఫారసు చేసిన గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కేటాయించింది. మిగిలిన 40 శాతం, జీతాలకు తప్ప, ఊరి అవసరాన్నిబట్టి ఖర్చు చేసుకునే వీలు కల్పించింది. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో షెల్టరు మరమ్మతు ఒక పద్దుగా చేరితే ఆ పని చట్టబద్ధంగానే జరుగుతుంది. చేర్చమని గ్రామసభలో అడగవలసినవారు ఊరివాళ్లే.

ఒడిశా చేసిన పని

1999 దెబ్బ తర్వాత ఒడిశా అదే సంవత్సరం రాష్ట్ర స్థాయి విపత్తు సంస్థను ఏర్పాటుచేసింది. షెల్టర్లు కట్టింది. వాటిలో చాలావాటిని బడులుగా వాడారు. రోజూ వాడే భవనం తలుపు తుప్పు పట్టదు. ప్రతి షెల్టరుకూ ఊరివాళ్లతో నిర్వహణ కమిటీ వేశారు. హెచ్చరిక చెప్పేవారు, వెతికి తెచ్చేవారు, ప్రథమ చికిత్స చేసేవారు అని యువకులను బృందాలుగా విడదీసి శిక్షణ ఇచ్చారు. తుపాను కాలానికి ముందు కసరత్తు చేయించారు.

ఫలితం 2013 అక్టోబరు 12న తెలిసింది. ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని తరలించారు. మృతుల సంఖ్య వందలోపే ఉంది. 2019 మే 3న ఫణి తుపాను పూరి దగ్గర తీరం దాటినప్పుడు పన్నెండు లక్షల మందిని కదిలించారు. అప్పుడూ మృతులు వందలోపే. ఇళ్లు, తోటలు, కరెంటు స్తంభాలు మాత్రం విపరీతంగా పోయాయి. ప్రాణాలు కాపాడే విద్య చాలావరకు వచ్చింది. బతుకుతెరువును కాపాడే విద్య ఇంకా నేర్చుకోవలసి ఉంది.

2020లో ఒడిశాలోని రెండు గ్రామాలకు, గంజాం జిల్లాలోని వెంకట్రాయపూర్‌కు, జగత్‌సింగ్‌పూర్ జిల్లాలోని నొలియాసాహికి, సునామీకి సిద్ధంగా ఉన్న ఊళ్లుగా యునెస్కో గుర్తింపు వచ్చింది. దేశంలో అవే మొదటివి. గంజాం తీరంలోని మత్స్యకారుల్లో తెలుగు మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. ఆ గుర్తింపుకు కావలసినవి ఏమిటి? ముప్పు ఎంతవరకు వస్తుందో చూపే పటం, ఏ దారిన ఎక్కడికి వెళ్లాలో అందరికీ కనిపించే బోర్డు, రాత్రిపగలు హెచ్చరిక అందే ఏర్పాటు, కసరత్తు. అవన్నీ ఏ ఊరైనా చేసుకోగలిగినవే.

సముద్రం లేని జిల్లాల మాట

మా జిల్లాకు సముద్రమే లేదు, మాకేమిటి అని మీలో కొందరు అనుకోవచ్చు. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడగాలులకు పదిహేను వందల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఎండలో పనిచేసే కూలీలు, వృద్ధులు. వడదెబ్బకు భవనం అక్కర్లేదు. నీడ, నీళ్లు, పని వేళల మార్పు కావాలి. ఇక్కడ కూడా పద్దు సమస్యే వచ్చింది. విపత్తు నిధి ఖర్చు చేయడానికి కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో, 2021-26 కాలపు నిబంధనల ప్రకారం, వడగాలి గానీ పిడుగు గానీ లేవు. తమ రాష్ట్రానికి ప్రత్యేకమైన విపత్తులుగా ప్రకటించుకొని నిధిలో పది శాతం వరకు వాడుకునే వీలు రాష్ట్రాలకు ఇచ్చారు. జాబితాలో ఒక మాట ఉండటానికీ లేకపోవడానికీ మధ్య ఒక కూలీ కుటుంబం భవిష్యత్తు ఉంటుంది.

మీరు చేయగల పని

విద్యార్థులారా, ఈ పాఠాన్ని పరీక్ష కోసం మాత్రమే చదవకండి. మీ ఊళ్లోనో, మీ అమ్మమ్మగారి ఊళ్లోనో ఒక ఆదివారం నలుగురు కలిసి తిరగండి. పల్లపు వీధులు, గట్టి ఇళ్లు, మంచినీటి బావులు, ఒంటరి వృద్ధులు ఉన్న ఇళ్లు గుర్తించి పటం గీయండి. ఆ ఇళ్ల వివరాలు ఆశా కార్యకర్తకు తప్ప బయట చెప్పకండి. బడిగదులను, షెల్టరును టేపుతో కొలవండి. ఇందాక మనం వేసిన లెక్క మీ ఊరికి వేయండి. చోటు దొరకనివారు ఎంతమందో తేల్చండి. షెల్టరు తాళంచెవి ఎవరి దగ్గర ఉందో అడగండి. ఆ కాగితాన్ని పంచాయతీ కార్యదర్శికి ఇవ్వండి. పద్దెనిమిదేళ్లు నిండి ఓటరుగా నమోదైనవారు గ్రామసభలో లేచి, ఈ పనికి ఈ ఏడాది ప్రణాళికలో ఎంత రాశారని అడగండి.

పాఠంలోని ముఖ్యాంశాలను మరొకసారి గుర్తుచేస్తాను. తుపానును ఆపలేం, విపత్తును తగ్గించగలం. ఎవరు, ఎప్పుడు, ఎంత, ఏ పద్దు అని చెప్పలేని ప్రణాళిక కాగితంగానే మిగులుతుంది. ఆపద తర్వాత కోట్లు సులువుగా కదులుతాయి. ఆపదకు ముందు వేలు కదలడం కష్టం. ఒకసారి కట్టిన భవనాన్ని ఏటా కాపాడుకోవాలి.

దివిసీమలో ఆ రాత్రి చనిపోయినవారికి హెచ్చరిక సరిగా అందలేదు, వెళ్లడానికి చోటూ లేదు. ఈనాడు హెచ్చరిక అరచేతిలోని ఫోనుకే వస్తోంది. వెళ్లిన చోట తలుపు తెరుచుకునేలా చూడటం ఇక మన పని.